విందు ఖర్చులో 3 శాతం: మజోన్ వెనక కథ

అమెరికాలో యూదుల ఇంట్లో పెళ్లికో, పిల్లలు యుక్తవయసుకు వచ్చినప్పుడు చేసే బార్ మిట్జ్వా వేడుకకో వెళ్తే ఒక్కోసారి టేబుల్ మీద చిన్న కార్డు కనిపిస్తుంది, పూల అలంకరణకు పెట్టాల్సిన డబ్బు మజోన్‌కు ఇచ్చేశాం అని. మజోన్ అంటే లాస్ ఏంజెలెస్ నుంచి ఆకలి మీద పనిచేసే యూదుల సంస్థ. పేరు విని చాలామంది ఇదేదో అన్నదాన ట్రస్టు అనుకుంటారు, మేం పంపిన డబ్బుతో ఎంతమందికి భోజనం పెట్టారని డొనేషన్ ఇచ్చినవాళ్లు అడుగుతారు, ఫ్రిజ్ కొనుక్కోవడానికి గ్రాంటు ఇస్తారా అని ఫుడ్ ప్యాంట్రీ, అంటే పేదలకు ఉచితంగా సరుకులు పంచే చోటు, నడిపేవాళ్లు అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఈ సంస్థ పుట్టిన కాలంలోనే ఉంది.

1985లో దీన్ని మొదలుపెట్టింది లెనర్డ్ ఫైన్ అనే రచయిత. అంతకు పదేళ్ల ముందు, నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ రచయిత ఎలీ వీసెల్‌తో కలిసి మూమెంట్ అనే పత్రిక పెట్టినాయన. ఆయన అడిగింది చాలా చిన్న విషయం: ఇంట్లో శుభకార్యం జరిగితే విందుకు అయిన ఖర్చులో 3 శాతం ఆకలితో ఉన్నవాళ్లకు తీసిపెట్టండి. పది శాతం అడిగి ఉంటే జనం ఆలోచిస్తాం అనేవాళ్లు. 3 శాతం అంటే కేటరింగ్ వాడి బిల్లులో కలిసిపోయే మొత్తం, కాదనడానికి మొహం చెల్లదు. బలవంతమేమీ లేదు, సినగాగ్‌ల (యూదుల ప్రార్థనా మందిరాల) ద్వారా రబ్బీలే, అంటే మతగురువులే, చెప్పేవాళ్లు. తర్వాత యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ కూడా తోడైంది: ఆ రోజు ఎలాగూ ఉపవాసం, తినకుండా మిగిల్చిన తిండి ఖర్చు ఇటు పంపండి అని. ఆ రోజు సినగాగ్‌లో చదివే యెషయా గ్రంథం 58వ అధ్యాయంలోనే ఉంది, మీ ఆహారం ఆకలిగొన్నవాడితో పంచుకోవడమే నిజమైన ఉపవాసమని. అది విన్నాక ఇంటికెళ్లి ఎంతో కొంత రాయకుండా ఉండటం కష్టం. యూదులు దానాలు 18, 36, 180 ఇలా 18 గుణిజాల్లో ఇవ్వడం కూడా ఆనవాయితీ, మనం చదివింపులకు నూట పదహార్లు రాసినట్టు.

1985లోనే ఎందుకు? ఇథియోపియా కరువు బొమ్మలు అప్పుడు ప్రతి టీవీలోనూ ఉన్నాయి, ఆ కరువు సాయానికి పెట్టిన పెద్ద సంగీత కచేరీ లైవ్ ఎయిడ్ జరిగింది ఆ ఏడాది జులైలోనే. కానీ సొంత దేశంలో జరుగుతున్నది ఇంకా ఇబ్బందిగా ఉంది. 1981లో రీగన్ ప్రభుత్వం ఫుడ్ స్టాంప్స్‌కు, అంటే పేదలు తిండి కొనుక్కోవడానికి ఇచ్చే సాయానికి, కోత పెట్టింది, దాని మీద మాంద్యం వచ్చిపడింది. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రభుత్వ గోడౌన్లలో మగ్గుతున్న చీజ్‌లో 3 కోట్ల పౌండ్లు పేదలకు పంచమన్నారు. పాడి రైతుల ధరలు పడిపోకుండా కొని దాచిన సరుకు అది, అయిదేసి పౌండ్ల దిమ్మలుగా వచ్చేది, పంచడానికి ప్రభుత్వం దగ్గర మనుషుల్లేక ఆ పని చర్చిలకీ ఛారిటీలకీ అప్పజెప్పారు. చర్చి బేస్‌మెంట్లలో ఫుడ్ ప్యాంట్రీలు ఊరూరా లేచింది ఆ కాలంలోనే. 1967లో ఫీనిక్స్‌లో ఒకే ఒక్క ఫుడ్ బ్యాంకుతో (ప్యాంట్రీలకు సరుకు పోగుచేసి ఇచ్చే గోడౌన్) మొదలైన పద్ధతి దేశమంతా పాకిపోయింది. 1983 డిసెంబర్‌లో రీగన్ సలహాదారు ఎడ్విన్ మీస్ అయితే పేదలకు వండి పెట్టే సూప్ కిచెన్లకు కొందరు తిండి ఉచితం కాబట్టే వెళ్తున్నారని అనేశాడు. పెద్ద గొడవైంది, కావాల్సిందే.

తిండి అడిగినవాడికి నిజంగా అవసరముందా లేదా అన్న ఈ అనుమానం యూదుల గ్రంథాల్లో చాలా పాత చర్చ, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. బైబిల్ లేవీయకాండంలో పొలం అంచులు కోయకుండా వదిలేయాలని, రాలిన పరిగె పేదలకు విడిచిపెట్టాలని ఉంది. బైబిల్ కథలో పేద విధవరాలు రూతు, బోయజు అనే ఆసామి పొలంలో పరిగె ఏరుకున్నది ఆ హక్కుతోనే. సుమారు క్రీ.శ. 200 నాటి యూదుల ధర్మశాస్త్రం మిష్నాలో లెక్కలు కూడా వేశారు: పొలంలో వదలాల్సింది అరవయ్యో వంతుకు తగ్గకూడదు. రెండు పూటల తిండి ఉన్నవాడు ఊరి వంటశాలలో తీసుకోకూడదు, పద్నాలుగు పూటలకు సరిపడా ఉన్నవాడు ఊరి నిధి నుంచి తీసుకోకూడదు. నిధికి డబ్బు ఇద్దరు కలిసి వసూలు చేయాలి, పంచడానికి ముగ్గురుండాలి. అంటే అర్హత పరీక్షా, ఆడిటూ అప్పుడే ఉన్నాయి. అయితే మిష్నా మీద చర్చల గ్రంథమైన తల్ముద్‌లో ఇద్దరు రబ్బీలు వాదించుకుంటారు, బట్టలు అడిగినవాణ్ణి విచారించాలా, అన్నం అడిగినవాణ్ణి విచారించాలా అని. చివరికి నిలిచిన మాట రబ్బీ యెహూదాది: బట్టలకైతే విచారించు, ఆకలి అన్నవాణ్ణి మాత్రం ముందు తినిపించు.

మజోన్ మొదటి ఏళ్లలో వచ్చిన డబ్బును ఫుడ్ బ్యాంకులకూ, ప్యాంట్రీలకూ, ఆకలి మీద గొంతెత్తే సంఘాలకూ గ్రాంట్లుగా ఇచ్చేది. తీసుకునేవాళ్లు యూదులే అయి ఉండాలన్న నియమం ఎప్పుడూ లేదు. రానురాను బరువు రెండో వైపుకు మొగ్గింది: వండి పెట్టడం నుంచి చట్టాలు మార్పించడం వైపు. ఇది అందరికీ నచ్చిన మార్పు కాదు, బియ్యం బస్తాకు ఇచ్చిన డబ్బుకు ఫోటో ఉంటుంది, వాషింగ్టన్‌లో ఒక రూల్ మీద జరిగే మీటింగుకు ఏముంటుంది? అయినా లెక్క మజోన్ వైపే ఉంది. ఫుడ్ బ్యాంకుల జాతీయ నెట్‌వర్క్ ఫీడింగ్ అమెరికా స్వయంగా చెప్పేదేంటంటే తాము ఒక భోజనం ఇచ్చేచోట స్నాప్ తొమ్మిది ఇస్తుందని. స్నాప్ అంటే పాత ఫుడ్ స్టాంప్సే, 2008లో పేరు మార్చారు.

దీనికి మంచి ఉదాహరణ సైనికులు. చిన్న ర్యాంకులో ఉండి, భార్యా పిల్లలున్న సైనికుడికి ఇంటి అలవెన్సు వస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో అది ఆదాయం కాదు, స్నాప్ లెక్కలో మాత్రం ఆదాయమే. దాంతో ఆదాయ పరిమితి దాటిపోయి స్నాప్ డబ్బు పడే కార్డు రాదు, నెలాఖరుకు యూనిఫాం విప్పి బేస్ దగ్గరి ప్యాంట్రీకి వెళ్లాలి. పై అధికారికి తెలిస్తే పరువు పోతుందని టెన్షన్ వేరే. ఈ రూల్‌ను మజోన్ ఏళ్ల తరబడి పట్టుకుని కాంగ్రెస్ చుట్టూ తిరిగింది. చివరికి 2021 డిసెంబర్‌లో సంతకమైన రక్షణ చట్టంలో తక్కువ ఆదాయమున్న సైనిక కుటుంబాలకు బేసిక్ నీడ్స్ అలవెన్స్ అనేది వచ్చింది, 2023 నుంచి చెల్లింపులు మొదలయ్యాయి. మొదట్లో అందులోనూ చాలాచోట్ల ఇంటి అలవెన్సును ఆదాయంగానే లెక్కించారు కాబట్టి అప్పుడు దొరికింది సగమే.

అమెరికాలో ఇలాంటి ఛారిటీ లాబీయింగ్ చేయొచ్చా, అంటే చట్టాల కోసం నాయకుల మీద ఒత్తిడి తేవొచ్చా అని ఒక అనుమానం ఉంది, ముఖ్యంగా చిన్న ప్యాంట్రీలు నడిపేవాళ్లకు. చేయొచ్చు, ఒక హద్దు వరకు. అభ్యర్థులకు ప్రచారం చేయడమే పూర్తిగా నిషిద్ధం. ఈ తేడా తెలియక చాలా సంఘాలు నోరు మూసుకుని కూర్చుంటాయి, గ్రాంటు అప్లికేషన్‌లో కూడా ఎన్ని డబ్బాలు పంచామో తప్ప ఏ రూల్ వల్ల జనం మా లైన్లోకి వస్తున్నారో రాయరు. మజోన్ లాంటి చోట అడగాలంటే రాయాల్సింది ఆ రెండోదే.

2025 జులైలో వచ్చిన చట్టం స్నాప్‌లో పని నిబంధనను (పని చేస్తేనే సాయం అన్న రూల్‌ను) 64 ఏళ్ల వయసువాళ్ల దాకా పెంచింది. అదే ఏడాది నవంబర్‌లో షట్‌డౌన్ (బడ్జెట్ ఆమోదం లేక ప్రభుత్వ పనులు ఆగిపోవడం) వల్ల చాలామందికి కార్డుల్లో డబ్బు సమయానికి పడలేదు, ఫుడ్ బ్యాంకుల ముందు కార్ల బారులు కనిపించాయి. మీ చెక్కు ఈ వారమే ఎవరి కంచంలోనో అన్నం కావాలంటే మీ ఊరి ప్యాంట్రీకి ఇవ్వండి, వాళ్లకు డబ్బాల కన్నా డబ్బే ఎక్కువ ఉపయోగం. మజోన్‌కు ఇస్తే అది ఆ జులై చట్టం లాంటివాటి మీద కొట్లాడేవాళ్ల జీతాలకు వెళ్తుందని తెలిసే ఇవ్వండి.