క్రిస్టల్ రావట్లేదా? ముందు ప్రోటీన్ తోకల సంగతి చూడండి (అపోహలు - వాస్తవాలు)

ప్రోటీన్ ఆకారం ఎక్స్-రేతో చూడాలంటే ముందు దాన్ని క్రిస్టల్ చేయాలి. అందుకోసం నెలల తరబడి ప్లేట్లు పెట్టి, వందల డ్రాప్‌లు మైక్రోస్కోప్ కింద చూసి చూసి నీరసపడిపోయిన పీహెచ్‌డీ పిల్లలు వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో వదులు చివరలను, అంటే తోకలను, కోసి చూశారా? చాలామంది చూసి ఉండరు.

అపోహ: జెల్ మీద (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసే పరీక్ష) ఒకే బ్యాండ్ ఉంది, ఇంకేం, క్రిస్టల్ వచ్చేస్తుంది.

ప్యూరిటీ కావాల్సిందే. కానీ ఆ జెల్ చెప్పేది సైజు గురించే, ద్రావణంలో ప్రోటీన్ ఎంత కదులుతోందో అది చెప్పదు. క్రిస్టల్ అంటే కోటానుకోట్ల అణువులు ఒకే తీరుగా పేర్చుకోవడం. ప్రతి ఇటుకకీ ఓ తాడు ముక్క వేలాడుతుంటే, అదీ ఒక్కోదానికి ఒక్కో వైపు, గోడ ఎలా లేస్తుంది?

అపోహ: ప్రోటియేజ్ (ట్రిప్సిన్ లాంటి, ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్) వేస్తే ప్రోటీన్ మొత్తం పాడవుతుంది.

ప్రోటియేజ్‌లను ఆపే ఇన్హిబిటర్లు వేసి కాపాడుకున్న ప్రోటీన్‌లో చేతులారా ట్రిప్సిన్ వేయాలంటే ఎవరికైనా టెన్షనే, నాకూ ఉండేది. మోతాదులోనే ఉంది అంతా. బరువులో ప్రోటీన్ 1000 వంతులైతే ట్రిప్సిన్ 1 వంతు వేసి, 0, 5, 15, 30, 60 నిమిషాలకు కొంచెం కొంచెం తీసి, ఎంజైమ్ పనిచేయకుండా చేసే ఎస్‌డీఎస్ బఫర్‌లో మరిగించి ఆపేయండి. అసలు కోయకపోతే 100కి 1 దాకా పెంచండి. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాతే కోస్తుంది, అవి గట్టిగా మడతపడిన చోట ఉంటే దానికి సులభంగా అందవు. ఆ నమూనాలను జెల్ మీద నడిపితే, మొదటి లేన్‌లో 45 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలమానం) బ్యాండ్ ఉండి, 15 నిమిషాలకల్లా 38 దగ్గర ఇంకోటి వచ్చి, గంటకి కూడా అది చెక్కుచెదరకుండా నిలిచిందంటే మీకు కావాల్సిన ముక్క అదే. మాస్ స్పెక్‌కి (అణువుల బరువు కొలిచే యంత్రం) పంపితే ఎక్కడ తెగిందో తెలుస్తుంది. వదులు భాగంలో లైసిన్, ఆర్జినిన్ లేకపోవచ్చు కాబట్టి వేరే చోట్ల కోసే కైమోట్రిప్సిన్, సబ్టిలిసిన్‌లతో కూడా చేయండి.

అపోహ: ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ) ఉండగా ఈ పనంతా ఎందుకు?

నేనూ ముందు దాన్నే తెరుస్తాను. పీఎల్‌డీడీటీ (ఆ అంచనా మీద నమ్మకానికి 100కి ఇచ్చే మార్కు) 50 లోపు ఉన్న తోక చాలాసార్లు నిజంగానే వదులు తోక. కానీ ఆ అంకె నమ్మకం ఎంతో చెబుతుంది గానీ కదలిక ఎంతో కాదు. రెండు డొమైన్లకీ (విడిగా మడతపడే భాగాలు) 90 దాటి వచ్చినా, మధ్యలో వాటిని కలిపే లింకర్ తలుపు బందులా ఊగుతూనే ఉండొచ్చు.

అపోహ: వదులుగా ఉన్నదంతా కోసేయడమే.

ఇక్కడే తొందరపడొద్దు. తోకలైతే సరే, మధ్యలో వదులు లూప్ (వంపు తిరిగిన భాగం) ఉంటే? 2007లో బ్రయాన్ కోబిల్కా అనే శాస్త్రవేత్త బృందం బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్‌లో (అడ్రినలిన్‌ను గుర్తించే కణపొర ప్రోటీన్) కుదురుగా ఉండని మూడో లోపలి లూప్ స్థానంలో టీ4 లైసోజైమ్ అనే కుదురైన ప్రోటీన్‌ను అమర్చి 2.4 ఆంగ్‌స్ట్రామ్ స్పష్టతతో నిర్మాణం సాధించింది. కారజోలాల్ అనే మందు కూడా రిసెప్టర్‌ను పట్టి ఉంచింది. ఒక్కోసారి సరైన లిగాండ్ (ప్రోటీన్‌కు అతుక్కునే అణువు) కలిపితేనే లూప్ కుదురుకుంటుంది, కోయాల్సిన పనే ఉండదు. కోసినా, హద్దు రెండు మూడు అమైనో ఆమ్లాలు అటూ ఇటూగా నాలుగైదు కన్‌స్ట్రక్టులు (కత్తిరించిన ప్రోటీన్ రూపాలు) చేయండి, యాక్టివిటీ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇంకో మాట. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ప్లేట్‌లో ఆరు నెలలకి ఒక క్రిస్టల్ కనిపిస్తే ఎక్స్-రే డేటా తీశాక పారేయకండి. తల్లి ద్రావణంతో (క్రిస్టల్ పెరిగిన ద్రవం) రెండు మూడుసార్లు కడిగి, కరిగించి, పక్కన అసలు ప్రోటీన్ పెట్టి జెల్ నడపండి. బ్యాండ్ కిందికి దిగి ఉంటే, డ్రాప్‌లో మిగిలిన ఏ ప్రోటియేజో ఆ తోకను ఎప్పుడో కోసేసిందన్నమాట.