డీడీ-214 మీది ఆ ఒక్క లైను: అమెరికా సైన్యంలో డ్రగ్స్ డిశ్చార్జ్‌లు, అప్పీళ్ల వెనకటి కథ

అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చే ప్రతి ఒక్కరికీ డీడీ-214 అనే కాగితం ఇస్తారు. ఎన్నాళ్లు పనిచేశారు, ఎక్కడెక్కడ పనిచేశారు, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ అందులో ఉంటాయి. అడుగున కొన్ని గళ్లుంటాయి. సర్వీసు ఎలాంటిదో ఒక గడి చెబుతుంది, ఎందుకు పంపించారో ఇంకో గడి చెబుతుంది. ఆ రెండో గడిలో "మిస్‌కాండక్ట్, డ్రగ్ అబ్యూస్" అని ఉంటే, మిగతా కాగితమంతా ఎంత బాగున్నా చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. ఆ గళ్లు లేని చిన్న కాపీ కూడా ఇస్తారు. కానీ ఉద్యోగమిచ్చేవాళ్లు తరచూ పెద్ద కాపీయే తెమ్మంటారు.

ఆ లైను మార్పించుకోవడానికి వేసే అప్పీళ్ల మాట వస్తే బయటివాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: వాడాడా, లేదా? నిజానికి ఈ అప్పీళ్లలో వచ్చిన పెద్ద మలుపులేవీ ఆ ప్రశ్న మీద రాలేదు. వాడిన సంగతి చాలా కేసుల్లో తగవే కాదు. ఆ మనిషిని ఏ ఏటి కొలబద్దతో కొలిచారు, ఆ కొలబద్ద ఇప్పటికీ నిలుస్తుందా అన్నదే తగవు. 1971లో అది ఒకలా ఉంది, 1981లో తలకిందులైంది, 2014 తర్వాత ఇంకోలా మారింది.

సైన్యం నుంచి పంపించేటప్పుడు వేసే ముద్రే డిశ్చార్జ్. దాని మెట్లు ముందు తెలియాలి. పైన ఆనరబుల్, దాని కింద జనరల్, ఆ కింద అదర్ దేన్ ఆనరబుల్. ఈ మూడూ కోర్టుతో పని లేకుండా ఫైలు మీద ఇచ్చేవి. బ్యాడ్ కాండక్ట్, డిజానరబుల్ అనేవి కోర్ట్ మార్షల్ వేసే శిక్షలు. యూరిన్ టెస్టులో పాజిటివ్ వచ్చిన సైనికుడిని కోర్టుకు లాగకుండానే కమాండర్ ఫైలు నడిపి పంపించేయొచ్చు. ఆరేళ్ల సర్వీసు నిండనివాడికి, అదర్ దేన్ ఆనరబుల్ ఇవ్వాలనుకుంటే తప్ప, పంపించేముందు విచారణ బోర్డు ముందు నిలబడి చెప్పుకునే హక్కు కూడా లేదు. జనరల్ వస్తే, మాజీ సైనికులకు సాయం చేసే జీఐ బిల్లు అనే చట్టం కింద చదువుకు వచ్చే డబ్బు పోతుంది. అదర్ దేన్ ఆనరబుల్ వస్తే, వెటరన్స్ శాఖ విడిగా విచారించి సరేననేదాకా చాలా సాయాలు అందవు.

ఈ అప్పీలుకు దారి వేసింది కూడా జీఐ బిల్లే. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఆ చట్టంలోనే డిశ్చార్జ్ రివ్యూ బోర్డులు పెట్టారు. అప్పట్లో నీలం కాగితం మీద ఇచ్చే "బ్లూ డిశ్చార్జ్" ఒకటుండేది. అది ఆనరబుల్ కాదు, డిజానరబుల్ కాదు. నల్లజాతి సైనికులకు, స్వలింగ సంపర్కులన్న ముద్ర పడినవారికి అది లెక్కకు మించి దక్కేది. 1947లో దాన్ని ఎత్తేశారు. రెండో బోర్డు పుట్టుక మరీ విచిత్రం. సైనిక రికార్డులో తప్పు దిద్దించుకోవాలంటే అంతకుముందు ఒక్కొక్కరి పేరు మీద కాంగ్రెస్‌లో ప్రైవేటు బిల్లు పెట్టించుకోవాల్సి వచ్చేది. ఆ బరువు దించుకోవడానికి కాంగ్రెస్ 1946లో రికార్డుల సవరణ బోర్డులకు చట్టం చేసింది. వాటిలో కూర్చునేది సివిలియన్లు. ఈ రెండు రకాల బోర్డులే ఇప్పటికీ నడుస్తున్నాయి.

డ్రగ్స్ గొడవ వియత్నాంతో మొదలైంది. 1971లో ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు, రాబర్ట్ స్టీల్, మోర్గన్ మర్ఫీ, అక్కడికి వెళ్లొచ్చి సైనికుల్లో 10 నుంచి 15 శాతం మంది హెరాయిన్‌కు బానిసలయ్యారని చెప్పారు. దేశం బెంబేలెత్తింది. జూన్ 17న నిక్సన్ డ్రగ్స్ వాడకాన్ని దేశానికి మొదటి శత్రువుగా ప్రకటించాడు. ఆ నెలలోనే వియత్నాంలో మూత్రపరీక్షలు మొదలయ్యాయి. వాటికి "ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో" అని పేరు పడింది, సైన్యంలో హాస్యానికి కరువు లేదు. పరీక్ష పాసైతేనే ఇంటికెళ్లే విమానం. పాజిటివ్ వస్తే ముందు అక్కడే ఆపి చికిత్స.

ఇక్కడ గమనించాల్సింది, అప్పటి విధానం శిక్ష కంటే చికిత్స వైపు మొగ్గింది. టెస్టులో దొరికినందుకు కోర్ట్ మార్షల్ వద్దన్నారు. 1971 ఆగస్టు 13న రక్షణ మంత్రి మెల్విన్ లేర్డ్ ఇంకో అడుగు వేశాడు. కేవలం సొంతానికి డ్రగ్స్ వాడినందుకు అంతకుముందు ఇచ్చిన చెడ్డ డిశ్చార్జ్‌లను, అడిగినవారికి తిరిగి పరిశీలించి మెరుగుపరచమని సైనిక శాఖలకు మెమో రాశాడు. అమ్మినవాళ్లకు ఇది వర్తించదు. కొత్త విధానం వచ్చింది కాబట్టి పాత విధానం కింద దెబ్బతిన్నవాళ్లకూ దాని ఫలం అందాలన్న ఈ వాదన తర్వాతి అన్ని పోరాటాలకూ పునాది అయింది. వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకురాలు లీ రాబిన్స్ తిరిగొచ్చిన సైనికుల మీద చేసిన అధ్యయనం కూడా అప్పటిదే. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవాళ్లలో అత్యధికులు ఇంటికొచ్చాక మళ్లీ దాని జోలికి అంతగా పోలేదని తేలింది. చోటు మారితే అలవాటు వదిలిందంటే, ఆ అలవాటులో యుద్ధానిది కూడా ఒక వంతు ఉన్నట్టే కదా. డిశ్చార్జ్ కాగితానికి మాత్రం ఆ లెక్క తెలియదు.

కోర్టుల్లో అసలు దెబ్బ 1974లో తగిలింది. సైనిక న్యాయస్మృతి 31వ అధికరణం కింద సైనికుడు తన మీద తానే సాక్ష్యం ఇచ్చుకోనక్కర్లేదు. మూత్రం ఇమ్మని ఆర్డరు వేసి, దాన్ని పట్టుకుని ఆనరబుల్ కన్నా తక్కువ డిశ్చార్జ్ ఇచ్చే వీలుంటే అది ఆ హక్కును తుంచడమేనని సైనిక అప్పీళ్ల కోర్టు రూయిజ్ కేసులో చెప్పింది. దాంతో సైన్యం, బలవంతపు పరీక్షతో దొరికినవాళ్లకు ఇకముందు ఆనరబుల్ డిశ్చార్జే ఇస్తామంది. మరి అంతకుముందు వెళ్లిపోయినవాళ్ల సంగతి? ఆ ప్రశ్న మీద నడిచిన జైల్స్ కేసులో, బలవంతపు మూత్రపరీక్ష ఆధారంగా చెడ్డ డిశ్చార్జ్ పొందిన మాజీ సైనికులకు ఆనరబుల్ ఇవ్వాల్సిందేనని 1980లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. డ్రగ్స్ డిశ్చార్జ్‌ల చరిత్రలో ఇంత సూటిగా దొరికిన గెలుపు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

అదే 1980లో సైనిక అప్పీళ్ల కోర్టు ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో, రక్తం లాంటి శరీర ద్రవాలకు 31వ అధికరణం వర్తించదంది. ఒక చేత్తో పాతవాళ్లకు తలుపు తెరుచుకుంటుంటే, ఇంకో చేత్తో కొత్తవాళ్లకు అది మూసుకోవడం మొదలైందన్నమాట.

తర్వాత 1981 మే 26. ఫ్లోరిడా తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న నిమిట్జ్ యుద్ధనౌక మీద రాత్రిపూట దిగుతూ ఒక ప్రౌలర్ విమానం కూలింది. 14 మంది చనిపోయారు. పోస్ట్‌మార్టంలో కొందరు డెక్ సిబ్బంది ఒంట్లో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. విమానం కూలడానికి అదే కారణమని రుజువు కాలేదు. అయినా పత్రికలకూ కాంగ్రెస్‌కూ ఆ వార్త చాలు. 1980 సర్వేలో, గడిచిన నెల రోజుల్లో డ్రగ్స్ వాడామని 27 శాతానికి పైగా సైనికులు ఒప్పుకోవడం దానికి తోడైంది. 1981 డిసెంబరు 28న రక్షణ ఉపమంత్రి ఫ్రాంక్ కార్లూచీ మెమోతో మూత్రపరీక్ష ఫలితాన్ని శిక్షకూ వాడుకోవచ్చన్నారు. నౌకాదళాధిపతి థామస్ హేవర్డ్ "నా నేవీలో కుదరదు" అన్న తీరులో జీరో టాలరెన్స్ ప్రకటించాడు. 1983 చట్టంతో డ్రగ్స్ కోసమే 112ఎ అనే ప్రత్యేక అధికరణం వచ్చింది. పదేళ్ల కింద చికిత్సకు పంపిన ఫలితమే ఇప్పుడు ఇంటికి పంపే ఫలితమైంది.

ఊరికే వేగం పెంచితే ఏమవుతుందో రెండేళ్లలోనే తెలిసింది. ల్యాబులకు సీసాలు వరదలా వచ్చిపడ్డాయి. ఎవరి సీసా ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో చెప్పే కాగితాలు సరిగా లేవు. సైన్యమే మేజర్ జనరల్ డేవిడ్ ఐన్సెల్ ఆధ్వర్యంలో ఒక పరిశీలన చేయించింది. పాజిటివ్‌లని చెప్పిన ఫలితాల్లో చాలావాటికి శాస్త్రం ప్రకారమో చట్టం ప్రకారమో నిలబడే ఆధారం లేదని 1983 డిసెంబరు నివేదికలో తేలింది. రికార్డు దిద్దించుకోమని సైన్యం వేలమందికి కబురు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ల్యాబులు అప్పటిలా లేవు. మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే మరింత కచ్చితమైన రెండో పరీక్ష చేస్తారు. గంజాయికి ఆ రెండో పరీక్షలో మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల గీత ఉంది. అందుకే "ల్యాబు తప్పు" అన్న వాదన ఈ రోజుల్లో తేలిగ్గా నెగ్గదు.

అంతకన్నా బలమైన వాదన ఆర్మీ పరీక్ష ఫారం మీద ఉండే రెండక్షరాల కోడ్‌లో దాగుంటుంది. ర్యాండమ్ తనిఖీకి ఐఆర్. మనిషి డ్యూటీ చేయగల స్థితిలో ఉన్నాడా అని కమాండర్ అనుమానంతో చేయించిన పరీక్షకు సీఓ. రెండోదానికీ, తనంతట తాను వెళ్లి "నాకు అలవాటైంది, సాయం చేయండి" అన్నవాడు అప్పుడు చెప్పిన మాటలకూ ఆర్మీలో లిమిటెడ్ యూజ్ అనే రక్షణ ఉంది. ఆ సమాచారాన్ని డిశ్చార్జ్ ఫైల్లో ప్రభుత్వమే పెడితే ఆనరబుల్ తప్ప వేరేది ఇవ్వకూడదు. 1974 నాటి తీర్పు వదిలివెళ్లిన వాసన ఇది. కమాండర్లు, క్లర్కులు దీన్ని మరిచిపోతుంటారు. కాబట్టి డిశ్చార్జ్ ఫైలు మొత్తం తెప్పించుకుని ఆ కోడ్ చూడకుండా అప్పీలు రాయడం తొందరపాటే.

మూడో మలుపు మనసుకు సంబంధించింది. యుద్ధం లాంటి భయంకర అనుభవాలు మనసుకు చేసే గాయం పీటీఎస్‌డీ. ఆ రోగం పేరే 1980లో గానీ వైద్య గ్రంథంలోకి ఎక్కలేదు. వియత్నాం నుంచి వచ్చి నిద్ర పట్టక గంజాయి తాగినవాడి ఫైల్లో ఆ మాట ఉండే అవకాశమే లేదు. 2014 సెప్టెంబరు 3న రక్షణ మంత్రి చక్ హేగెల్, పీటీఎస్‌డీ ఉందనే వియత్నాం వెటరన్ల దరఖాస్తులను ఉదారంగా చూడమని సవరణ బోర్డులను ఆదేశించాడు. రక్షణ శాఖ అధికారి కర్టా రాసిన 2017 ఆగస్టు 25 నాటి మెమో దాన్ని రెండు రకాల బోర్డులకూ, తలగాయాలకూ, లైంగిక దాడి బాధితులకూ విస్తరించింది. బోర్డు అడిగే ప్రశ్నలు నాలుగు. తప్పును తగ్గించగల పరిస్థితి ఉందా? అది సర్వీసులో ఉండగానే ఉందా? ఆ తప్పును నిజంగా తగ్గిస్తుందా? డిశ్చార్జ్‌కు కారణమైనవాటి కన్నా అది బరువైనదా? ఎంతమందికి ఇది తగులుతుందంటే, 2011 నుంచి 2015 దాకా దుష్ప్రవర్తన పేరుతో పంపేసిన 91,764 మందిలో 62 శాతానికి, అంతకు ముందు రెండేళ్లలోపే పీటీఎస్‌డీ, తలగాయం, లేదా దుష్ప్రవర్తనతో ముడిపడగల ఇతర మానసిక సమస్య ఏదో ఒకటి డాక్టర్లు రాసిచ్చారని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో లెక్క తేల్చింది.

గంజాయి కేసులకు అన్నిటికన్నా పనికొచ్చేది రక్షణ శాఖ అధికారి విల్కీ రాసిన 2018 జూలై 25 నాటి మెమో. గంజాయి సైన్యంలో ఇప్పటికీ నేరమే, కానీ కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమైంది గనుక దశాబ్దాల కిందటి కన్నా ఇప్పుడు తక్కువ తీవ్రమైనదిగా చూడొచ్చని అందులో పేరు పెట్టి రాశారు. లేర్డ్ 1971లో మొదలుపెట్టిన వాదనే అది, 47 ఏళ్ల తర్వాత. అయితే ఇది ఆదేశం కాదు, వీలు మాత్రమే. అధికారులు పద్ధతిగానే చేసి ఉంటారన్న ఊహతోనే బోర్డు మొదలవుతుంది. అది తప్పని చూపించే భారం అడిగేవాడిదే.

ఏ తలుపు తట్టాలన్నది ఏళ్లను బట్టి ఉంటుంది. డిశ్చార్జ్ అయి 15 ఏళ్లు దాటకపోతే డీడీ-293 ఫారంతో రివ్యూ బోర్డుకు. జనరల్ కోర్ట్ మార్షల్ వేసిన డిశ్చార్జ్ అయితే ఆ బోర్డు ముట్టుకోదు. మిగతావాళ్లు డీడీ-149తో సవరణ బోర్డుకు వెళ్లాలి. అక్కడ తప్పు తెలిసిన మూడేళ్లలోపు అని గడువుంది గానీ, న్యాయం కోసం దాన్ని మన్నించే అధికారం బోర్డుకు ఉంది. 2019 డిసెంబరు 20న గానీ ఆ తర్వాత గానీ బయటికొచ్చినవాళ్లకు, ఈ రెండూ కాదన్నాక, డిశ్చార్జ్ అప్పీల్ రివ్యూ బోర్డు అని ఇంకొకటుంది.

సైన్యంలో తరతరాలుగా తిరిగే ఒక పుకారు ఉంది: ఆరు నెలలు ఓపిక పడితే డిశ్చార్జ్ దానంతటదే ఆనరబుల్ అయిపోతుందని. అలాంటి నిబంధన లేదు. ఆ మాట నమ్మి 15 ఏళ్లు గడిపేసినవాళ్లు డీడీ-149లో ముందు ఇంత ఆలస్యం ఎందుకైందో రాసుకుని, ఆ తర్వాతే అసలు సంగతికి రావాలి.