పాత బుల్లెట్ ఆయిల్ ఫిల్టరు గురించి పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పెరట్లో ఆరు నెలలుగా కదలని బుల్లెట్‌కు ఆయిలు మార్చామని, ఫిల్టరు కూడా కొత్తది వేశామని మొన్న ఫోనులో చెప్పారు. చాలా సంతోషించాను. అయితే ఫిల్టరు వేశాక ఏం చేశారో మీరు చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు. ఈ ఉత్తరం చదివేవరకు బండి స్టార్టు చేయకండి.

ఆ ఇంజను రూపకల్పన ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో జరిగింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడ్డాక, పోత ఇనుప సిలిండరు గల ఆ 346 సీసీ ఇంజనే మన దేశంలో దశాబ్దాల పాటు తయారైంది. దానికి ఆయిలు ట్యాంకు వేరుగా కనిపించదు. ఇంజను పోతలోనే వెనక భాగాన ఒక అర ఉంటుంది, అందులో సుమారు రెండుంపావు లీటర్లు పడుతుంది. టైమింగ్ కవరులో, అంటే ఇంజను పక్కనున్న మూతలో, రెండు చిన్న పంపులుంటాయి. ఒకటి ట్యాంకులోని ఆయిలును ఫిల్టరు గుండా తోసి, క్రాంకు, అంటే పిస్టను కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, లోపలి సన్నని దారి వెంట బిగ్ ఎండ్ బేరింగుకు పంపుతుంది; పిస్టను కింది కనెక్టింగ్ రాడ్డు క్రాంకుతో కలిసే చోటే ఈ బిగ్ ఎండ్. రెండోది అక్కడి నుంచి క్రాంకు కేసు, అంటే క్రాంకు ఉండే పెట్టె, అడుగుకు జారిన ఆయిలును తోడి, పైన వాల్వులను తెరిచే రాకర్లకు కొంత అందిస్తూ, తిరిగి ట్యాంకుకు చేరుస్తుంది. ఫిల్టరు మొదటి దారికి అడ్డంగా కూర్చుంటుందన్న సంగతి గుర్తుపెట్టుకుంటే మిగిలిందంతా మీకే అర్థమవుతుంది: ఆ ఫిల్టరు మూసుకుపోతే ముందుగా ఎండిపోయేది బిగ్ ఎండే.

ఆ ఫిల్టరు కేవలం ఒక ఫెల్టు గొట్టం, అంటే ఒత్తి గట్టిపరచిన ఉన్ని. మురికి పట్టినందువల్ల చెడిన ఫిల్టర్ల కంటే, మనిషి తప్పుగా బిగించినందువల్ల చెడిన ఇంజన్లనే నేను ఎక్కువగా చూశాను. ఫెల్టుతో పాటు ఒక స్ప్రింగు, వాషర్లు, మూత కింద ఒక సీలు వస్తాయి. వాటి వరుస తప్పితే రెండే రెండు జరుగుతాయి. ఫెల్టు చివర సందు మిగిలితే ఆయిలు వడపోత లేకుండా పక్కనుంచి జారిపోతుంది; వాషరు వచ్చి రంధ్రానికి అడ్డుపడితే ఆయిలు అసలు ముందుకే పోదు. మొదటిది ఇంజనును ఏళ్ల మీద తినేస్తుంది, రెండోది ఒక్క ప్రయాణంలో పూర్తి చేస్తుంది.

ఆ రెండోది నాకు అనుభవమైంది. 1983 వేసవిలో, సర్వీసింగ్ చేయించిన మర్నాడే ఏలూరు నుంచి రాజమండ్రి బయలుదేరాను. తణుకు దాటాక ఇంజను అడుగు నుంచి సుత్తితో దిమ్మెను కొట్టినట్టు బరువైన చప్పుడు మొదలైంది. పైన వాల్వుల దగ్గరి టాపెట్ల చప్పుడేమో అనుకుని మరో నాలుగు మైళ్లు నడిపాను, అది పూర్తిగా నా తెలివితక్కువతనం. విప్పి చూస్తే వాషరు ఫెల్టుకు తప్పు వైపున ఉంది. కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ కదిపితే బిగ్ ఎండ్ వదులు చేతికే తెలిసింది.

దీనికంటే మోసపుచ్చే సంగతి ఇంకొకటి ఉంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకులోని ఆయిలు మెల్లగా క్రాంకు కేసులోకి దిగిపోతుంది. స్టార్టు చేయగానే రెండో పంపు ఆ దిగిన ఆయిలును తోడి రాకర్లకు ఎక్కిస్తుంది. మీరు రాకర్లకు వెళ్లే పైపు వదులు చేసి, పైన ఆయిలు కారుతోంది గనుక అంతా సవ్యంగా ఉందనుకుంటారు. ఆ ఆయిలు మొదటి పంపు పంపినది కాదు, పాత నిల్వ. కింద బిగ్ ఎండ్‌కు చుక్కయినా అందకపోవచ్చు.

కాబట్టి ఫిల్టరు మూత మళ్లీ విప్పి, ఒక్కొక్క భాగాన్ని వచ్చిన వరుసలోనే పాత వార్తాపత్రిక మీద పేర్చి, ఫోనులో ఫోటో తీసి, ఆ వరుసను పార్టుల పుస్తకంలోని బొమ్మతో సరిచూడండి. కొత్త ఫెల్టును 20డబ్ల్యూ50 ఆయిలులో బాగా నానబెట్టి బిగించండి. స్పార్క్ ప్లగ్గు తీసేసి, టైమింగ్ కవరు మీద క్రాంకు కొనకు ఎదురుగా ఉండే చిన్న ప్లగ్గును వదులు చేసి, అక్కడ గాలి బుడగలు ఆగి ఆయిలు ధారగా కారేవరకు నింపాదిగా కిక్కు కొట్టండి. కాలు నొప్పి పుడుతుంది; పుట్టనివ్వండి.

మీ స్నేహితుడి పాత జావా బండికి ఇవేవీ అక్కర్లేదు, అది టూ స్ట్రోకు గనుక ఆయిలు పెట్రోలుతోనే కలిసి కాలిపోతుంది. అతని ఎగతాళిని పట్టించుకోకండి.

మీరు తీసిన పాత ఫెల్టును పారేశారా? పారేయకపోతే బ్లేడుతో నిలువునా చీల్చి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. నల్లటి జిడ్డు ఉంటే కంగారు పడనక్కర్లేదు. మెరిసే రజను కనిపిస్తే దాని పక్కన అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే అది ఇనుము, అంటే గేర్లో బేరింగులో అరుగుతున్నాయి; అతుక్కోకపోతే పిస్టను వంటి అల్యూమినియం భాగాల నుంచి వచ్చి ఉండవచ్చు. రెండింటిలో ఏది కనిపించినా ఆ గుడ్డను అలాగే మడిచి ఉంచండి, వచ్చే ఆదివారం నేను వచ్చి చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య