అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చినా మళ్లీ ఎందుకు కాలుతున్నాయి? అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నా బెంచీ మీద యాంప్లిఫయర్లు వరసకడతాయి. వాటిలో చాలావరకు ఒకసారి ఎక్కడో రిపేరై, ఆన్ చేయగానే మళ్లీ కాలినవే. ఆ రెండోసారి ఖర్చు చూసి నాకు బాధేస్తుంది. మనం కొంచెం ఓపిక పడితే అది తప్పేదే.

అపోహ: షార్టైన (లోపల కాలి కలిసిపోయిన) అవుట్‌పుట్ జోడీ మారిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ జోడీలో సి5200 గానీ ఎ1943 గానీ షార్టయిందంటే, దాన్ని చంపిందేదో ఇంకా బోర్డులోనే ఉండొచ్చు. ముందుగా ఆ జోడీని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు చూడండి. తర్వాత 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్లు. తెల్ల సిమెంట్ రెసిస్టర్ పైకి కొత్తదానిలా మెరుస్తూనే లోపల ఓపెనై (తెగి) ఉండొచ్చు. బేస్ రెసిస్టర్లనూ విడిగా కొలవాలి. అన్నింటికంటే ముఖ్యం బయాస్ ట్రాన్సిస్టర్, అంటే పాట లేనప్పుడు కూడా జోడీలో కొద్దిపాటి కరెంటు (బయాస్) పారేలా అదుపు చేసేది. అది ఓపెనైతే జోడీలో పైదీ కిందిదీ ఒకేసారి పూర్తిగా తెరుచుకుంటాయి, ప్లస్ సప్లై నుంచి మైనస్‌కి కరెంటు నేరుగా పారుతుంది. కొత్త జోడీ కళ్ల ముందే పోతుంది. ఇరవై రూపాయలు కూడా చేయని ఆ చిన్న ట్రాన్సిస్టర్‌ని చూడకుండా, ఖరీదైన జోడీని రెండుసార్లు మార్చిన సెట్లు నా దగ్గరికి వచ్చాయి.

అపోహ: మీటర్‌లో బాగుంటే ట్రాన్సిస్టర్ బాగున్నట్టే.

వాస్తవం: డయోడ్ మోడ్‌లో మీటర్ ఇచ్చేది కొద్ది వోల్టులే. ఆ కొద్దిలో మంచిగా కనిపించి, 50 వోల్టులు పడగానే లీకయ్యేవి ఉన్నాయి. పక్కపక్కన నాలుగు జోడీలున్న బోర్డులో ఒక్కటి షార్టయినా అదే వైపువన్నీ షార్టే చూపిస్తాయి. విప్పి చూడందే తేలదు. టిప్ 142 లాంటి డార్లింగ్టన్లలో (ఒకే డబ్బాలో రెండు ట్రాన్సిస్టర్లు కలిపినవి) బేస్, ఎమిటర్ మధ్య లోపలే రెసిస్టర్లుంటాయి, రీడింగ్ వేరుగా వచ్చిందని మంచిదాన్ని పారేయకండి.

అపోహ: సీరీస్ బల్బు (మెయిన్స్ కరెంటు సెట్టులోకి దాని గుండా వెళ్లేలా కలిపే బల్బు) కొత్తగా నేర్చుకునేవాళ్లకే.

వాస్తవం: నేను ఇప్పటికీ అది లేకుండా ఏ సెట్టూ ఆన్ చేయను. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఆన్ చేయగానే ఒక్కసారి వెలిగి మందగిస్తే ఫిల్టర్ కెపాసిటర్లు ఛార్జయ్యాయని అర్థం. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది, వెంటనే ఆపండి. ఈ బల్బు పరీక్ష చేసేటప్పుడు స్పీకర్ అసలు తగిలించకూడదు. ముందు అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే మంచిదే. సప్లై వోల్టేజీయే అక్కడ కనిపిస్తే స్పీకర్ కాయిల్ కాలుతుంది.

అపోహ: బయాస్ పెంచితే సౌండ్ పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేది వేడి. బయాస్ చిన్న సౌండ్‌లో వచ్చే గరగరను పోగొట్టడానికి, అంతే. 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులుంటే సుమారు 45 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. సెట్టు వేడెక్కాక మళ్లీ కొలవాలి. డిగ్రీ వేడికి బేస్-ఎమిటర్ వోల్టేజీ దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కాబట్టి, ఆ వేడి తనకూ తగిలి బయాస్ తగ్గించేలా బయాస్ ట్రాన్సిస్టర్ హీట్ సింక్‌ని (వేడిని లాగే లోహపు దిమ్మెను) ఆనుకునే ఉండాలి. రిపేరయ్యాక దాన్ని గాల్లో వేలాడదీసి వదిలేస్తే కరెంటు అదుపు తప్పి పెరిగిపోతుంది.

అపోహ: ఫ్యూజు ట్రాన్సిస్టర్‌ని కాపాడుతుంది.

వాస్తవం: ఫ్యూజు కంటే ముందు ట్రాన్సిస్టరే పోతుంది. ఫ్యూజు ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా, నిప్పు రాకుండా. అందుకే ఫ్యూజు చోట రాగి తీగ చుట్టి పంపడం క్షమించలేని పని.

అపోహ: పైన పేరు ఉంటే అసలుదే.

వాస్తవం: అసలు సి5200 కి 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు. మార్కెట్‌లో దొరికే నకిలీలను పగలగొడితే లోపల చిప్ చాలా చిన్నది. వాల్యూమ్ తక్కువున్నంతసేపు నడిచి, పెళ్లి మధ్యలో పోతుంది. కాలినవి నేను పారేయను, పగలగొట్టి ఏ షాపువి అసలువో రాసిపెట్టుకుంటాను.