సోఫా రూపమూ, న్యాయస్థానపు చూపూ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కుర్చీలూ సోఫాలూ తరతరాలుగా ఉన్నవే కదా, వాటికి అమెరికాలో పేటెంటు ఎలా ఇస్తారని మొన్న ఫోనులో అడిగారు. అక్కడి డిజైన్ పేటెంటు వస్తువు చేసే పనికి కాక, దాని రూపానికి ఇచ్చేది. ఆ రూపం కొత్తదైతే చాలదు. పాత నమూనాలు తెలిసిన మామూలు డిజైనరుకు ఇట్టే తట్టేదై ఉండకూడదు. చిక్కంతా ఆ ‘ఇట్టే’ను తేల్చడంలోనే ఉంది.

1982లో రోసెన్ అనే ఆయన కాఫీ టేబుల్ వ్యవహారంలో, పేటెంటు కార్యాలయం పలు పాత వస్తువుల నుంచి తలో ముక్కా ఏరి చూపితే కోర్టు ఒప్పుకోలేదు. మొత్తం మీద దాదాపు అదే రూపంలో ఉన్న ఒక పాత వస్తువును ముందు చూపాలి, మార్పుల మాట ఆ తర్వాతే అంది.

నాకు మరీ నచ్చింది 1996 నాటి డర్లింగ్ కేసు. పక్కబల్లలు తనలోనే కలిసిపోయిన మూల సోఫా అది. కింది కోర్టు ఆ పేటెంటు చెల్లదంటే, పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఎందుకంటే ‘పక్కబల్లలు కలిసిన సోఫా’ అన్నది ఒక ఆలోచనకు పేరే తప్ప, కంటికి కనిపించే రూపానికి వర్ణన కాదు. మన ఇంట్లోని చెంబునూ మరచెంబునూ ‘నీళ్లు పోసుకునే ఇత్తడి పాత్ర’ అనేస్తే రెండూ ఒకటే అయిపోవూ? (మీ నానమ్మ మాత్రం ఒప్పుకోదు.)

మన దేశపు 2000 నాటి డిజైన్ల చట్టం ఈ ప్రశ్నను వేరే మాటల్లో అడుగుతుంది: తెలిసిన డిజైన్ల నుంచీ, వాటి కలయికల నుంచీ చెప్పుకోదగ్గ తేడా ఉందా అని.

2024 మేలో, జనరల్ మోటార్స్ కారు ఫెండరు (చక్రం మీద ఉండే రేకు) విషయమై, అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు విస్తృత ధర్మాసనం రోసెన్ నాటి నియమం మరీ బిగుతుగా ఉందని తీసివేసింది. ఇప్పుడు ‘దాదాపు అదే’ అక్కర్లేదు, చూపుకు పోలిక ఉన్న పాత నమూనా చాలు. కానీ డిజైనరు దాన్ని ఆ విధంగా ఎందుకు మార్చి ఉంటాడో ఆధారంతో చెప్పాలి. ఈ సడలింపు సబబే కానీ, పొడుపుకథ విప్పాక అందరికీ సులువుగానే తోస్తుంది కనుక, కొత్త రూపాన్ని చూశాక పుట్టిన తెలివిని, అది చూడని ఆనాటి మామూలు డిజైనరుకు అంటగట్టే ప్రమాదం ఇప్పుడు పెరిగిందని నా అనుమానం. అందువల్లనే ఆ వస్తువు బాగా అమ్ముడైందా, ఇతరులు దాన్ని అనుకరించారా అన్న సాక్ష్యాన్ని కూడా అక్కడ తూకంలో వేస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య