బయట అతుక్కున్న అణువు లోపలి మోటార్‌ని ఎలా కదిలిస్తుంది? బ్యాక్టీరియా సెన్సార్ల వెనక కథ

1880ల్లో జర్మనీలో విల్‌హెల్మ్ ఫెఫర్ సన్నటి గాజు గొట్టంలో మాంసం రసం నింపి బ్యాక్టీరియా ఉన్న నీళ్లలో పెడితే అవన్నీ గొట్టం మూతి దగ్గరికి గుంపుగా వచ్చేశాయి, అంటే తిండి ఎటుందో వాటికి తెలుస్తోందని అప్పుడే అర్థమైంది, కానీ ఎలా తెలుస్తోందన్నది మాత్రం చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

దాన్ని మళ్లీ పట్టుకున్నది అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జూలియస్ అడ్లర్. అప్పట్లో చాలామంది అనుకున్నదేంటంటే బ్యాక్టీరియా చక్కెరని లోపలికి తీసుకుని అరిగించుకుంటుంది, ఆ వచ్చిన శక్తిని బట్టే అటు ఈదుతుంది అని. అడ్లర్ ఏం చేశారంటే గెలాక్టోజ్ అనే చక్కెరని అసలు వాడుకోలేని ఈ.కోలై బ్యాక్టీరియా మ్యూటెంట్లని (జీన్ మారిపోయిన రకాల్ని) తీసుకుని అదే గొట్టం పరీక్ష పెట్టారు, గంటసేపు ఉంచి, గొట్టంలోకి ఎన్ని వెళ్లాయో ప్లేట్ మీద కాలనీలు పెంచి లెక్కపెట్టారు. అవి కూడా గెలాక్టోజ్ వైపే వెళ్లాయి! 1969లో వచ్చిన ఆ పేపర్ నా దృష్టిలో ఈ మొత్తం కథకి మలుపు, ఎందుకంటే తినకుండానే గుర్తుపడుతోందంటే గుర్తుపట్టడానికి వేరే ప్రొటీన్ ఉండాల్సిందే కదా.

1983లో ఇలా గుర్తుపట్టే ప్రొటీన్ల, అంటే రిసెప్టార్ల, జీన్ సీక్వెన్సులు బయటికొచ్చాయి. టార్ అనే రిసెప్టార్‌ని చూడండి, ఇది అస్పార్టేట్ అనే అమైనో ఆసిడ్‌ని పట్టుకుంటుంది. రెండు కాపీలు జంటగా ఉంటాయి, ఒక్కోటీ కణ పొరని రెండుసార్లు దాటుతుంది, తల బయట, పొడుగాటి తోక లోపల. తోక చివర చీ-ఏ అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) ఉంటుంది, అది చీ-వై అనే చిన్న ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ చీ-వై వెళ్లి ఫ్లాజెల్లాని (ఈదడానికి వాడే కొరడాల్లాంటి పోగుల్ని) తిప్పే మోటార్‌కి అతుక్కుంటే మోటార్ తిరిగే దిశ మారి బ్యాక్టీరియా పల్టీ కొట్టి దారి మార్చుకుంటుంది. అస్పార్టేట్ దొరికితే చీ-ఏ ఆగిపోతుంది, పల్టీలు తగ్గుతాయి, బ్యాక్టీరియా అదే దారిలో ఇంకొంచెం ముందుకి పోతుంది.

ఇక్కడే అసలు చిక్కు. టార్ పట్టుకున్న అస్పార్టేట్ పొర దాటదు, బయటే అతుక్కుని ఉంటుంది, మరి కబురు లోపలికి ఎట్లా వెళ్తోంది? 1991లో టార్ బయటి భాగం క్రిస్టల్ స్ట్రక్చర్ (దాని వివరమైన ఆకారం) వచ్చింది, అస్పార్టేట్ ఉన్నప్పుడూ లేనప్పుడూ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడానే కనబడలేదు. తర్వాత కొలరాడోలో జోసెఫ్ ఫాల్కే టీమ్ టార్‌లోని హెలిక్స్‌లలో (స్ప్రింగులా మెలితిరిగిన భాగాల్లో) ఎంచుకున్న చోట్ల సిస్టీన్లు అనే అమైనో ఆసిడ్లు పెట్టి, వాటి మధ్య డైసల్ఫైడ్ అనే గట్టి బంధం వేసి, హెలిక్స్‌ని ఒక్కో పొజిషన్లో బిగించేసి చూశారు. కొన్ని పొజిషన్లలో బిగిస్తే కైనేజ్ ఆన్‌లోనే ఉండిపోయింది, కొన్నిట్లో ఆఫ్ అయిపోయింది. 1996లో వాళ్లు తేల్చిందేంటంటే పొరని దాటే రెండు హెలిక్స్‌లలో ఒకటి సైకిల్ పంపు రాడ్ లాగా లోపలి వైపుకి కొంచెం జరుగుతుంది. కొంచెం అంటే ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటర్‌లో కోటో వంతు) చుట్టుపక్కల, ఒక అణువు కొలత కూడా కాదు! 1999లో బర్క్లీలో డేనియల్ కాష్‌లండ్ టీమ్ స్పిన్ లేబుల్స్‌తో (దూరాలు కొలవడానికి ప్రొటీన్‌కి తగిలించే గుర్తులతో) వేరే దారిలో చూసినా ఇదే పంపు రాడ్ లాంటి పిస్టన్ కదలికే వచ్చింది.

ఇది టార్ ఒక్కదాని సంగతేనా అంటే కాదనే అనిపిస్తుంది. 1989లోనే మసయోరి ఇనూయె టీమ్ టార్ తలని ఎన్వ్-జెడ్ అనే వేరే సెన్సార్ తోకకి అతికించారు, అస్పార్టేట్ వేస్తే ఎన్వ్-జెడ్ కింద పనిచేసే జీన్ ఆన్ అయింది. తల ఒకరిది తోక ఇంకొకరిది, అయినా కబురు అందింది.

కానీ పొర దాటగానే హాంప్ అనే చిన్న భాగం వస్తుంది, గొడవంతా దాని దగ్గరే. 2006లో జర్మనీలో టుబింగెన్ వాళ్లు ఒక ఆర్కియా (బ్యాక్టీరియా లాంటి వేరే రకం ఏకకణ జీవి) హాంప్ స్ట్రక్చర్ చూసి హెలిక్స్‌లు గేర్లలా తిరుగుతాయన్నారు. 2017లో నైట్రేట్‌ని పసిగట్టే నార్-క్యూ అనే సెన్సార్ స్ట్రక్చర్లు వచ్చాక పొరలో పిస్టన్ నిజమే, 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా జరుగుతోంది, హాంప్‌కి వచ్చేసరికి అది లివర్ కదలికగా మారుతోందని తేలింది. సాల్మొనెల్లా బ్యాక్టీరియాలో ఉండే ఫో-క్యూ అనే సెన్సార్ విషయంలో మాత్రం హెలిక్స్‌లు కత్తెరలా వాలతాయన్న మోడల్ ఉంది. నాకైతే అన్నిటికీ ఒకే మెకానిజం అని పట్టుబట్టడం కంటే ఒక్కో సెన్సార్‌నీ విడిగా చూడటమే సరైన దారి అనిపిస్తుంది, పైగా ఈ ఫో-క్యూ నడిపే ఫో-పి అనే జీన్ పాడైన సాల్మొనెల్లా ఎలుకల్లో జబ్బు తెప్పించలేదని 1989లోనే చూశారు, అందుకే కొత్త మందుల కోసం వెతికేవాళ్లు ఇప్పుడు ఈ సెన్సార్ల మీద కన్నేశారు.