వంద శాతం అని రాస్తే సరిపోతుందా?

హైదరాబాద్‌లో అతి తీవ్ర మేధో వైకల్యం ఉన్న పిల్లల డే కేర్ సెంటర్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. అడ్మిషన్‌కి వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: వైకల్య సర్టిఫికెట్‌లో 100 శాతం అని ఉంది కదా మేడం, ఇంకేం కావాలి?

వాస్తవం: సామాజిక పరిణతి పరీక్షలో (రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలరో చూసే పరీక్ష) స్కోరు 20 దాటకపోతే అతి తీవ్ర మేధో వైకల్యం అంటారు, 100 శాతం వేస్తారు. ఆ అంకె పెన్షన్‌కి పనికొస్తుంది, మా ఆయమ్మకి మాత్రం పనికిరాదు. ఈ పిల్లల్లో చాలామందికి మేధో వైకల్యం ఒక్కటే ఉండదు. నడక రాదు, చూపో వినికిడో తక్కువ, ఫిట్స్, మింగడం కష్టం. ఇవన్నీ ఒకదాన్నొకటి పెంచుతాయి. చూపు లేని పిల్లాడికి చెంచా నోటి దాకా వచ్చేదాకా తెలియదు, ఉలిక్కిపడితే పొలమారుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో బహుళ వైకల్యం కూడా ఉంది. కానీ ఎలా కూర్చోబెట్టాలి, అన్నం ఎంత మెత్తగా కలపాలి, ఫిట్స్ ఎలా మొదలవుతాయి అన్నవి ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండవు. మా దృష్టిలో పిల్లాడి వైకల్యానికి అసలు నిర్వచనం అంటే ఈ వివరాలే.

అపోహ: వాడికేం తెలియదు.

వాస్తవం: నాకు కోపం తెప్పించే మాట ఇదే. మాటలు రాకపోవడం వేరు, చెప్పడానికి ఏమీ లేకపోవడం వేరు. మా దగ్గర ఒకమ్మాయి ఇష్టం లేకపోతే ఊపిరి బిగబడుతుంది. వాళ్ల నానమ్మ చెప్పేదాకా మేమది ఆయాసం అనుకున్నాం! అప్పటినుంచి అడ్మిషన్ ఫారంలో ‘అవును’ ఎలా చెబుతుంది, ‘వద్దు’ ఎలా చెబుతుంది అని రెండు గళ్లు పెట్టాం.

అపోహ: పడుకోబెట్టి తినిపిస్తే తేలిక.

వాస్తవం: తినిపించేవాళ్లకి తేలికే. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక కాసేపు అలాగే ఉంచండి.

అపోహ: ఇది పిచ్చి, మందులతో తగ్గుతుంది.

వాస్తవం: ఇది మానసిక జబ్బు కాదు. మందులు ఫిట్స్‌కి, కండరాల బిగుతుకి.

అపోహ: కన్నవాళ్లం మేమే ఉన్నాం, పద్దెనిమిది నిండినా సంతకం మాదే.

వాస్తవం: కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి గార్డియన్‌గా నియామకం తీసుకోవాలి. కలెక్టర్ ఆ కమిటీలో ఉంటారు. బ్యాంకు వాళ్లు అడిగాక పరుగులు పెట్టేకంటే పుట్టినరోజు దాటగానే ఆ పని చూసుకోండి.